మా జేజి కొట్టించిన మేకు

పోయిన వారం నాకొక ఫోను వచ్చింది. ఎవడో గానీ మర్యాదగానే మొదలుపెట్టాడు. "మేడమ్, మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, సాయంత్రానికల్లా మీ లైను కట్ చేసేస్తారు, నేనిప్పుడు పంపేదాన్ని నొక్కండి" అన్నాడు. బడిపిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు నాది. అయినా కోపం వస్తే ఇప్పటికీ ఆఖరి బెంచీ దాకా వినిపిస్తుంది. "కట్ చేసుకో నాయనా, అంతకు ముందు నా దగ్గర ఏం వదిలిపెడతావో చెప్పు" అన్నాను. వాడికి బోధపడలేదు. "ఏం వదలాలి మేడమ్?" అన్నాడు. "చెప్పులో, టోపీయో, ఏదో ఒకటి. ఊరికే లోపలికి వచ్చేస్తానంటే ఎట్లా?" అన్నాను. టక్కున పెట్టేశాడు. నేనొక్కదాన్నే కుర్చీలో కూర్చుని పకపకా నవ్వుకున్నాను. ఆ మాట నాది కాదని, మా నాయనమ్మది, మా జేజిదని గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకు నిజం మనిషే వచ్చాడు. నడివయసువాడు, తలకు హెల్మెట్టు, చంకలో సంచి, మెడలో ఫొటో ఉన్న కార్డు. గ్యాసు ట్యూబు చూసి పోవాలన్నాడు. కార్డు చూశాను, ఏజెన్సీకి ఫోను చేసి అడిగాను, నిజమేనన్నారు. అయినా గడప దాటనివ్వలేదు. వాకిలి పక్కన గోడకున్న మేకు చూపించి, "దానికి ఏదన్నా తగిలించి రాప్పా" అన్నాను. ముసలామెకు చాదస్తం అనుకున్నట్టున్నాడు, నవ్వుతూ హెల్మెట్టు తగిలించాడు. ఆ మేకుకు అప్పటికే వెలిసిపోయిన గుడ్డసంచి ఒకటి వేలాడుతోంది. దానిమీదే హెల్మెట్టు పెట్టి లోపలికి వచ్చాడు.

నేనిప్పుడు కోలారులో ఉంటున్నాను గానీ పుట్టి పెరిగింది కేజీఎఫ్‌లో, బంగారు గని కూలీల లైన్లలో. ఒకే కప్పు కింద వరసగా ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య తడిక. పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. ఊరి పక్కన తెల్లటి మట్టిదిబ్బలు కొండల్లా ఉండేవి, గాలి లేచినరోజు ఆ పొడి సంగటి ముద్దమీద కూడా పడేది. నాయన షిఫ్టు దిగి వస్తే ఆయన చొక్కా దగ్గర తడిరాయి వాసన, పేలుడు మందు వాసన కలిసి వచ్చేవి. అమ్మ ఆ చొక్కా విడిగా ఉతికేది. సంగు కూసిందంటే, అంటే గని సైరను మోగిందంటే, లైన్లో ప్రతి ఆడమనిషీ చేతిలో పని ఒక్క క్షణం ఆపి చెవి ఒగ్గేది. అది మామూలు కూతే అని తెలిసినాకే మళ్ళీ పని సాగేది.

కరెంటూ నీళ్ళూ కంపెనీవే. బిల్లు అనే కాగితం ఎట్లా ఉంటుందో మాకు తెలియదు. మీటరును నేను మొదటిసారి చూసింది పెద్దయ్యాక కోలారులోనే. ఇంటికొక బల్బు ఇచ్చారు, ఆ బల్బు తీగనుంచే ప్రతి ఇల్లూ దొంగతనంగా ఒక కరెంటు పొయ్యి పెట్టుకుంది. గాడులున్న మట్టిపలకలో స్ప్రింగులా చుట్టిన తీగ, అంతే. ఎర్రగా కాలేది, అరగంటలో అనపగింజలు ఉడికిపోయేవి. అది తప్పని అందరికీ తెలుసు, అందరి ఇంట్లోనూ ఉందనీ తెలుసు. చెకింగువాళ్ళు లైన్లోకి అడుగుపెట్టగానే మొదటి ఇంటి నాగమ్మత్త "ఆవొచ్చె! ఆవొచ్చె!" అని కేకపెట్టేది. ఆవూ లేదు, దూడా లేదు. ఆ కేక ఇల్లిల్లూ దాటుకుంటూ చివరిదాకా పోయేసరికి పొయ్యిలన్నీ గంపల కింద దూరిపోయేవి.

మా జేజి నాయనకు తల్లి. పెళ్లయిన కొత్తలో తాతతో కలిసి చిత్తూరు వైపు పల్లెనుంచి గనికి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, నోట్లో ఎప్పుడూ వక్కాకు. నడుముకు దోపిన గుడ్డసంచిలో వక్కలు, ఆకులు, సున్నపు డబ్బీ ఉండేవి. ఆమెకు నవ్వు తక్కువ, మాట ఇంకా తక్కువ. గనిలోకి దిగేవాళ్ళు గని ఆఫీసు కిటికీ దగ్గర తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దిగుతారు. ఆ బిళ్ళను బోర్డుమీద మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చినాక బంగారం దాచుకోలేదని ఒళ్ళంతా సోదా చేయించుకుని, బిళ్ళ తీసుకుని ఇంటికి పోతారు. బోర్డుమీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. జేజి ఈ పద్ధతిని మా ఇంటికి తెచ్చింది. నాయనతో వాకిలి పక్కన ఒక మేకు కొట్టించి, పరాయివాళ్ళు ఎవరొచ్చినా దానికి తమదేదైనా తగిలిస్తేనే లోపలికి రానిచ్చేది. ఎందుకని ఎవరైనా అడిగితే "బిళ్ళ ఇయ్యకుండా దిగేదానికి లేదు" అనేది. అంతకు మించి చెప్పేది కాదు.

దొరలు పోయి గని సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్ళకు లైన్లలోకి అమ్మకాలవాళ్ళు ఎక్కువయ్యారు. సర్కారు ఉద్యోగం, నెలనెలా జీతం, ఇంట్లో ఆడవాళ్ళు ఒంటరిగా ఉంటారని ఎవరు చాటింపు వేశారో గానీ దినామూ ఒకడు తయారు. వాకిట్లో ఒక కాలు పెట్టాడంటే రెండోది తీసేవాడు కాదు. పిల్లల తెలివి పెంచే పుస్తకాలమ్మేవాడు టై కట్టుకుని వచ్చి, వేరే ఏమీ లేక ఆ టైనే విప్పి మేకుకు తగిలించాడు. మెడ బోసిపోయేసరికి అతని ఇంగ్లీషు కూడా సగమైంది. కుక్కరు అమ్మేవాడు కుక్కరు మూత తగిలించి లోపలికి వచ్చి, మూత లేకుండా ఈల ఎట్లా వేయించాలో తెలియక తల గోక్కున్నాడు. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగు. బంగారం తవ్వే ఊళ్ళో బంగారానికి మెరుగు పెడతామంటూ ఇద్దరు వచ్చారొకసారి. "మీ పొడి డబ్బా తగిలించి రండప్పా" అంది జేజి. "డబ్బా లేకుండా మెరుగెట్ల పెట్టేదవ్వా?" అన్నారు. "అట్లయితే పోయిరండి" అంది. పక్క లైన్లో వాళ్ళ చేతికి గాజులిచ్చిన ఒకామె వాటిని తిరిగి తీసుకున్నప్పుడు సన్నబడ్డాయని ఏడుస్తుంటే, నేను మొదటిసారి జేజి వైపు గౌరవంగా చూశాను. అంతకుముందు మా మేకును చూసి స్నేహితురాళ్ళు నవ్వుతారని సిగ్గుపడేదాన్ని.

అనపకాయల కాలం అది. అమ్మ క్యాసంబళ్ళి దగ్గర పుట్టింటికి పోయింది. "బస్సుల్లో పోయేటప్పుడు చెవికి బంగారమేంది" అని కమ్మలు తీసేసి, వేపపుల్లలు పెట్టుకుని, కమ్మలను మూటకట్టి రాగుల డబ్బా అడుగుకు తోసింది. నాకు చూపించి మరీ తోసింది. "నువ్వు పెద్దదానివైనావు, తెలుసుకోని ఉండు" అంది. ఆమె ఒంటిమీద పుట్టింటి బంగారం ఆ కమ్మలొక్కటే. ఆ మాటకు నేను రెండు రోజులు నేలమీద నడవలేదు. మూడోరోజు నాయన పొద్దుటి షిఫ్టుకు పోయాడు. జేజి కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టుకుని కూర్చుంది. నేను కరెంటు పొయ్యిమీద అనపగింజలు పెట్టి, ఉడికే వాసన పీలుస్తూ చదువుకుంటున్నాను.

అతను వెనక సందులోనుంచి వచ్చాడు. అందుకే నాగమ్మత్త ఆవు రాలేదు. ఖాకీ చొక్కా, జేబులో టెస్టరు, చేతిలో పెద్ద రిజిస్టరు. సైకిలు స్టాండు వేసి, తాళం వేసి, "ఏయ్ పాపా, కరెంటాఫీసు. తలుపు తియ్యి" అన్నాడు.  పొయ్యి తీసే వేళ లేదు. అయినా నోటికి అలవాటైన మాట వచ్చేసింది. "సార్, మేకుకు ఏదన్నా తగిలించి రావాల. మా జేజి చెప్పింది." అతను నన్నూ మేకునూ చూసి గట్టిగా నవ్వి, చేతిలో ఉన్న సైకిలు తాళంచెవి తగిలించి లోపలికి వచ్చాడు.

పొయ్యి ఎర్రగా కాలుతోంది. దాన్ని చూసి రిజిస్టరు తెరిచాడు. తర్వాత, "మీ నాయన నంబరేంది?" అన్నాడు. లైన్ల పిల్లలకు పేరుకంటే ముందు నంబరు నేర్పుతారు, గబుక్కున చెప్పేశాను. రాసుకున్నాడు. "గని ఇప్పుడు గవర్నమెంటుది, తెలుసునా? ఇంగ కంపెనీ కరెంటు లేదు, ఇంటింటికీ మీటరు. దొంగ పొయ్యి ఉండే ఇండ్లు కాళీ చేయిస్తా ఉండారు. మీ నాయన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలీదు" అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడవాకమ్మా. పూచీకి ఏదన్నా పెడితే, రేపు మీటరు తెచ్చి బిగించి, నీది నీకు తిరిగిచ్చేస్తా. పేరు కొట్టేస్తా. ఎవురికీ చెప్పాకు" అన్నాడు.

ఇప్పుడు రాస్తుంటే నా తెలివికి నాకే నవ్వొస్తుంది. కానీ ఆరోజు నాకు అందులో మోసమే కనిపించలేదు. మా ప్రపంచంలో మనిషి తన వస్తువు ఇవ్వడం, పని అయ్యాక తీసుకోవడం సూర్యుడు పొడిచినంత మామూలు సంగతి. నాయన దినామూ బిళ్ళ ఇస్తాడు, దినామూ తెచ్చుకుంటాడు. టై ఇచ్చినవాడు టై తీసుకుపోయాడు, మూత ఇచ్చినవాడు మూత తీసుకుపోయాడు. ఇచ్చింది తిరిగి రాకుండా పోతుందని నాకెవరూ నేర్పలేదు. మా నాయన ఉద్యోగానికి ఇది బిళ్ళ అనుకున్నాను. రాగుల డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, మూట తీసి అతని చేతిలో పెట్టాను. విప్పి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

అతను వాకిట్లోకి వచ్చేసరికి గడపమీద జేజి కూర్చుని ఉంది. పక్కన నిండు బిందె. మేకు ఖాళీగా ఉంది.

"నా తాళంచెవి ఏదవ్వా?"

"ఉండాది" అంది జేజి, పిడికిలి విప్పకుండా. "లోపల ఏం పనప్పా నీకు?"

"మీటరు రాసుకొన్నా. బేగిన ఇయ్యి, నాలుగు లైన్లు తిరగాల."

"తిరుగుదువులే. గనిలోనుంచి పైకొచ్చినోడికి సోదా చెయ్యందే బిళ్ళ ఇయ్యరు. నా కొడుకును దినామూ తడుముతారు. చెప్పులు ఇప్పించి, తలగుడ్డ ఇదిలించి చూస్తారు. మావోడు కిమ్మనడు. నిన్ను చూస్తే నీకేం తక్కువైతుంది?"

"నేను గవర్నమెంటోణ్ణి!"

"గనీ గవర్నమెంటుదే కదప్పా."

జేజికి కమ్మల సంగతి తెలియదు. ఎవరొచ్చినా ఆమె చేసేది ఇంతే. ఆ మనిషి గొంతు పెంచేసరికి కొళాయి దగ్గరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. సైకిలు అద్దెది, వెనక మడ్‌గార్డుమీద అద్దె షాపు పేరు తెల్లరంగుతో రాసి ఉంది, దాన్ని వదిలేసి పారిపోతే ఆ షాపువాడు ఊరూ పేరూ చెప్పేస్తాడు. అతను సైకిలునూ చూస్తున్నాడు, సందునూ చూస్తున్నాడు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. నోరు విప్పితే పొయ్యి సంగతి బయటపడుతుంది, నాయన ఉద్యోగం పోతుంది. విప్పకపోతే అమ్మ కమ్మలు వెళ్ళిపోతాయి. అమ్మ నన్ను నమ్మి చూపించిన కమ్మలు. 

జేజి వెనక్కి తిరిగి ఒక్కసారి నా మొహం చూసింది. కోపంగా కాదు. "పాపా, ఏమన్నా చెప్పాల్నా?" అంది.

"అమ్మ కమ్మలు ఆయన జేబులో ఉండాయి జేజీ. నేనే ఇచ్చినాను. పొయ్యి చూసినాడు. నాయన నంబరు రాసుకొన్నాడు" అని ఒక్క ఊపిరిలో చెప్పేసి బోరుమన్నాను.

అతను రిజిస్టరు పైకెత్తాడు. "అవును, దొంగ పొయ్యి పెట్టుకోని నన్నంటారా? ఇప్పుడే రిపోర్టు చేస్తా! ఇల్లు కాళీ చేయిస్తా!"

 నాగమ్మత్త నడుముమీద చెయ్యి పెట్టుకుని ముందుకు వచ్చింది. "యోవ్, మా ఇంట్లో కూడా ఉండాది పొయ్యి. రాసుకో." వెనకనుంచి ఇంకొకామె, "మాదీ రాసుకో" అంది. "మాది రెండు తీగలది, బాగా రాయి!" అంది మరొకామె. "సుమ్మనే నిలబడినావేం? లైనంతా రాసుకోప్పా, పెన్నులో ఇంకుండాదా?" అని నవ్వులు. ఆ నవ్వుల మధ్య నా ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. నా ఒక్కదాని తప్పును వాళ్ళంతా తలా కొంచెం తీసుకుని కొంగున కట్టుకున్నారు. ఆ ఆడవాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు. ఎవరి ఇంటికైనా పోయి మొక్కుదామంటే ఆ ఇళ్ళూ లేవు.

అంతలో సంగు కూసింది. మొదటి షిఫ్టు పైకి వచ్చే వేళ. ఆ మనిషి మొహం పాలిపోయింది. మూట తీసి జేజి ఒళ్ళో పెట్టాడు. జేజి విప్పి చూసి, రెండు కమ్మలూ ఉన్నాయని నాకు చూపించి, పిడికిలి తెరిచి తాళంచెవి ఇచ్చేసింది.

"ఏం పనత్తా ఇది!" అని అరిచింది నాగమ్మత్త. "స్వల్ప సేపు ఆపితే మగోళ్ళు వచ్చి వీని ఎముకలు ఇరుస్తారు కదా!"

"పైకొచ్చినోడి బిళ్ళ పట్టుకోగూడదు" అంది జేజి. "నువ్వు పోప్పా. నీ సైకిల్లో గాలి తక్కువుండాది, చూసుకోని పో."

ఆ సాయంత్రం అనపగింజలు ఉప్పేసి నా ముందు పెట్టి, నేను తింటుంటే జేజి వక్కాకు దంచుకుంది. నేనే అడిగాను, దొంగవాడికి ఎందుకు ఇచ్చేశావని. దంచడం ఆపింది. "మీ తాత పోయిన దినం నేను ఆ కిటికీ దగ్గరే నిలబడుకోని ఉన్నా. లోపల రాళ్ళు పడినాయన్నారు. ఒక్కొక్కరూ పైకొస్తా ఉండారు, బిళ్ళ తీసుకోని పోతా ఉండారు. బోర్డు కాళీ అవతా వచ్చింది. కడాకు ఒక్కటే మిగిలింది. మీ తాతది. మూడు దినాలు అట్లే ఏలాడతా ఉండింది పాపా. ఎవురిదైనా సరే, మేకుకు మిగలగూడదు. దొంగోడికీ ఒక పెండ్లాం ఉంటుంది కదా, ఎదురు చూస్తా" అంది. అంత పెద్ద మాట ఆమె నోట మళ్ళీ వినలేదు. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాను. సున్నమూ వక్కా కలిసిన వాసన. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ధైర్యంగా ఉంటుంది.

కమ్మలు మళ్ళీ రాగుల డబ్బాలోకి పోయాయి. జేజి నా ముందు అమ్మతో ఒక్క మాట అనలేదు. నా తప్పు అమ్మదాకా పోలేదని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను. నా పెళ్ళినాడు అమ్మ ఆ కమ్మలు నా చెవులకు పెడుతూ, "ఈసారి పూచీకి పెట్టాకు" అంది మెల్లగా. నేను బిత్తరపోయాను. "నేను అడుగున పెట్టినవి పైన దొరికినాయి. మీ జేజిని అడిగితే, పూచీకని ఎవుడో అడిగితే ఇచ్చింది, మళ్ళా పిల్ల నోరిప్పి చెప్పింది, అది చాల్లే, నువ్వడగాకు అనింది" అంది. ఇద్దరు ఆడవాళ్ళు నా పరువు కోసం ఇన్నేళ్ళు నోరు మూసుకున్నారు. వాళ్ళ రుణం నేను ఏం చేసినా తీరదు, తీర్చాలని కూడా లేదు, అది అట్లాగే ఉండనీ.

ఇప్పుడొచ్చే మోసగాళ్ళకు మొహం ఉండదు, సైకిలు ఉండదు, మేకుకు తగిలించడానికి ఏమీ ఉండదు. పట్టుబడినా సిగ్గుపడటానికి మన గడప దాకా రారు. మన పక్కన కూడా, మాదీ రాసుకో అని వచ్చి నిలబడే ఆడవాళ్ళు లేరు. మోసపోయినవాళ్ళు ఒంటరిగా గదిలో కూర్చుని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు. అట్లాంటివాళ్ళు నా దగ్గరికి వస్తే నేను తిట్టను. జేజి అడిగినట్టే అడుగుతాను, ఏమన్నా చెప్పాల్నా అని.

జేజికి ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. నాయన ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకున్నాం. గడప దాటాక ఆగమంది. నడుముకున్న వక్కాకు సంచి తీసి, తనే మేకుకు తగిలించింది. "సంచి తీసుకోని రామ్మా, ఆడ నీకు వక్కాకు ఎవురిస్తారు?" అన్నాడు నాయన. "వచ్చి తీసుకొంటాలే" అంది. తర్వాత గని మూతబడి, లైను ఇల్లు వదిలి వచ్చేటప్పుడు నేను ఆ సంచినీ, గోడనుంచి పెకలించిన మేకునూ తెచ్చుకున్నాను.

గ్యాసు మనిషి పని ముగించి, ట్యూబు బాగుందని చెప్పి, మజ్జిగ తాగి వాకిట్లోకి వచ్చాడు. అతని హెల్మెట్టు నా చేత్తో తీసి ఇచ్చాను. పెట్టుకుంటూ, మేకుకు ఇంకా వేలాడుతున్న సంచి వైపు చూశాడు.

"ఇది ఎవురిదమ్మా? ఎవురో మర్చిపోయి పోయినట్టుండారే?"

"మర్చిపోలేదప్పా" అన్నాను. "దిగిన మనిషిది. ఇంగా పైకి రాలేదు."